ఊరికంతటికీ మీ గోడ ఒక్కటే

బోదిల్ హోల్‌గార్డ్‌కు ఏ వస్తువైనా నిన్న ఉన్నచోటే ఇవాళ కూడా ఉంటే గిట్టేది కాదు.

సోమవారం కిటికీ దగ్గర ఉన్న బల్ల మంగళవారం పొయ్యి దగ్గరికి వెళ్ళేది. బుధవారం తలుపుకు అడ్డం పడేది. గురువారం మళ్ళీ కిటికీ దగ్గరికే వచ్చేది. "ఇదేమిటి, మొదటికే వచ్చింది కదా?" అంటే, "ఎక్కడ వచ్చింది? అప్పుడు తూర్పుకి తిరిగి ఉంది, ఇప్పుడు పడమరకి" అనేది. ఆవిడ భర్త వాల్డెమార్ చేపల పడవ నడిపేవాడు. వేట నుంచి అలసి వచ్చి, అలవాటు కొద్దీ కుర్చీ ఉండాల్సిన చోట కూలబడేవాడు. కుర్చీ అక్కడ ఉండేది కాదు. నలభై ఏళ్ళు సముద్రం మీద తిరిగినా ఇంట్లో పడ్డన్ని దెబ్బలు పడలేదని పాపం ఆయనే చెప్పుకునేవాడు. ఆయన పోయిన ఏడాదికి, సమాధిని కాస్త ఎండ తగిలే వైపుకు జరపడం కుదురుతుందా అని బోదిల్ పాస్టరు గారిని అడిగింది.

"తల్లీ, ఆయన్ని ఇప్పటికైనా ఒక్కచోట ఉండనివ్వు" అన్నారు పాస్టరు గారు.

ఇదంతా నాకెలా తెలుసంటే, లిల్లెహావన్‌లో ముప్పై నాలుగేళ్ళు ఉత్తరాలు పంచినవాణ్ణి నేనే. మా ద్వీపంలో నూట తొంభై గుమ్మాలున్నాయి. నూట ఎనభై తొమ్మిది గుమ్మాలు నేను కళ్ళు మూసుకుని వెళ్ళేవాణ్ణి. బోదిల్ ఇంటికి మాత్రం రెండు కళ్ళూ చాలేవి కావు. ఉత్తరాల డబ్బా ఒకరోజు గేటుకు, ఒకరోజు కిటికీ కింద, ఒకసారైతే ఆపిల్ చెట్టు కొమ్మకు.

"బోదిల్ గారూ, డబ్బా ఎక్కడండీ?"

"వెతుక్కోవయ్యా ఐవిన్, ఆ మాత్రం నడిస్తే అరిగిపోతావా?"

ఇలాంటి మనిషి ప్రేమించక ప్రేమించక కర్రగులాబీని ప్రేమించింది. లోకమంతా హాలీహాక్ అనే పువ్వును మేము కర్రగులాబీ అంటాం. పేరులో గులాబీ ఉన్నా చుట్టరికం మందారంతో. కర్రలాంటి కాండం, దాని పొడుగునా కింది నుంచి పైకి గిన్నెల్లాంటి పువ్వులు. మా ఊళ్ళో సున్నం కొట్టిన ప్రతి గోడ పక్కనా ఒక వరస నిలబడి ఉంటుంది. చూరు దాటితే ఇంటివాడికి అదో గొప్ప. చిక్కల్లా ఎక్కడంటే, దాని వేరు ముల్లంగి దుంపలా నిలువునా నేలలోకి దిగుతుంది. దిగాక పెకలించి ఇంకోచోట పెడితే మొక్క అలిగి చచ్చిపోతుంది. బోదిల్ ఆరేళ్ళలో ముప్పై మొక్కలను ఎండ కోసం ఇటూ, గాలికి భయపడి అటూ మార్చి మార్చి ముప్పైటినీ చంపింది.

"మీ హస్తవాసి మంచిది కాదేమో" అన్నాను ఒకసారి.

"చెయ్యి మంచిదేనయ్యా. మొక్కలకే మొండి పట్టు."

తర్వాత తెలివిగా, వేరు నిలువునా దిగేలా లోతైన హెర్రింగ్ చేపల పీపాలో విత్తనం వేసింది. పీపాను చక్రాల బండి మీద పెట్టింది. వేరు కదలదు, మొక్క మాత్రం ఊరంతా తిరుగుతుంది. రెండో ఏడుకి అది నిలువెత్తు మనిషిని దాటి పూసింది. మురిసిపోతూ రేవు వీధిలో ఊరేగించింది. పడమటి గాలి ఒక్కసారి లేచింది. ఎనిమిది అడుగుల మొక్క తెరచాపలా గాలి పట్టింది. బండి ఆవిడ చేతుల్లోంచి జారి, పల్లంలో పరుగందుకుని, వెనక బోదిల్ "ఆపండి! ఆపండి!" అని పరుగెత్తుతుండగా, వలలు బాగుచేసుకుంటున్న ముగ్గురు జాలర్లను దాటి తిన్నగా రేవులోకి దూకింది. నిండా పూసిన మొక్క, పీపాతో సహా, పది నిమిషాలు హుందాగా తేలి మునిగిపోయింది.

ఇంకొకరైతే బుద్ధి తెచ్చుకునేవారు. దాన్ని పట్టుకోబోయి తానూ రేవులో పడ్డ బోదిల్, గట్టెక్కి గౌను నీళ్ళు పిండుకుంటూ, "పొడుగే దీని జబ్బు. పొట్టిది కావాలి" అంది.

ఆ పొట్టిది చేపలకు పొగబెట్టే కొట్టం గోడ పగుల్లో దొరికింది. రాళ్ళ మధ్య చారెడు మట్టిలో, నడుమెత్తుకు కూడా రాకుండానే బుద్ధిగా పూసి నిలబడిన ఒంటరి మొక్క. దాన్ని పీకకుండా ఉండటానికి ఆవిడ రెండు చేతులూ కోటు జేబుల్లో కుక్కుకుని, ఎండిన కాయలు రాలేదాకా రోజుకు ఐదుసార్లు వెళ్ళి చూసొచ్చింది. ఆ విత్తనాలు వేసింది. మొలిచినవాటిలో సగం తాతల బుద్ధి పోనిచ్చుకోక మళ్ళీ పొడుగు సాగాయి. "పొగరుబోతుల్లారా!" అని వాటిని పీకేసి, అన్నిటికన్నా పొట్టిదాని విత్తనాలే దాచింది. కర్రగులాబీ మొదటి ఏడు ఆకులే వేస్తుంది, పువ్వు చూడాలంటే రెండో ఏడు దాకా ఆగాలి. కుదురుగా కాఫీ చల్లారేదాకా ఆగలేని మనిషి పన్నెండేళ్ళు ఆగింది. ఆగడమంటే కూర్చోవడం అనుకునేరు. ఆ పన్నెండేళ్ళలో ఆవిడ ఇంట్లో బీరువా ఎన్ని గదులు తిరిగిందో ఆ బీరువాకే తెలియాలి.

చివరికి నడుమెత్తులో ఆగి, అడుగు నుంచే గుత్తుగా పూసే మొక్కలు తయారయ్యాయి. గులాబీ రంగు, ఎరుపు, నల్లటి ద్రాక్ష రంగు. గాలికి ఊగవు, కర్ర కట్టక్కర్లేదు, బండి మీద పెడితే పెళ్ళికూతుళ్ళలా కూర్చుంటాయి. ఇక చూసుకోండి, ఊరికి శాంతి లేకుండా పోయింది. పొద్దున్న చర్చి దగ్గర ఒక పీపా, మధ్యాహ్నానికి అది బేకరీ మెట్ల పక్కన, మర్నాడు ఇంకెవరి వాకిట్లోనో. మంచు పడితే వాటిని చూరు కిందికి తోసి, మొదళ్ళకు దేవదారు కొమ్మలు కప్పి, "చలికి చావవివి, తడికి చస్తాయి" అని దారిన పోయేవాళ్ళందరికీ పాఠం చెప్పేది.

నేను ఉద్యోగం విరమించిన నెలకు ఆ బండి నా గుమ్మం ముందు ఆగింది. పదకొండు గంటలైంది. నేను రాత్రి బట్టల్లోనే ఉన్నాను. లేచి ఎక్కడికి వెళ్ళాలి? ఎవరికి ఏమివ్వాలి? ముప్పై నాలుగేళ్ళు నడిచిన కాళ్ళు మంచం మీద ఊరికే ఆడుతుండేవి.

"ఐవిన్! తలుపు తియ్యి! నీ గోడ కావాలి!"

"గోడ ఏమిటండీ?"

"ఈ ఎర్రదానికి ఎక్కడా పొసగడం లేదు. ఊరంతా తిరిగాను. వెచ్చదనం, గాలి మరుగు, రెండూ కుదిరింది ఊరికంతటికీ మీ గోడ ఒక్కటే. సరిగ్గా పదింటికి నీళ్ళు. ఆకుల మీద కాదు, మొదట్లో పొయ్యాలి. పన్నెండింటికి పీపాని పావు వంతు తిప్పాలి. నాలుగింటికి కింది ఆకులు తిరగేసి చూడాలి. నారింజ రంగు చుక్కలుంటే అది తుప్పు తెగులు, వెంటనే తుంచెయ్యి. ఆకులు చూడటానికి వంగాలి కాబట్టి పంట్లాం వేసుకో."

"రోజూనా?"

"ఆదివారం దానికి సెలవని నీకు చెప్పిందా?"

ఏం చేస్తాను? మర్నాడు పదింటికల్లా గడ్డం గీసుకుని, పంట్లాం తొడుక్కుని, నీళ్ళడబ్బా పట్టుకుని వాకిట్లో ఉన్నాను. వీధిలో నిలబడ్డాక పలకరింపులు తప్పుతాయా? వారం తిరిగేసరికి పన్నెండింటి తిప్పుడుకు నలుగురు ప్రేక్షకులు చేరారు. ఆ వేసవిలో మొక్క విరగబూసింది. ఒక్కటే వింత. బోదిల్ ఇచ్చింది ఎర్రది. పూసింది గులాబీ రంగు.

"రంగు మారిందేమిటండీ?"

"నీ గోడ మహిమ" అంది బోదిల్, కళ్ళు ఎటో తిప్పుకుంటూ.

నా గోడకు మహిమ ఉందని ఊళ్ళో ఎవరికి చెప్పకుండా ఉండగలను? బేకరీలో రై రొట్టె కొంటూ అక్కడున్న వాళ్ళందరికీ వినబడేలా చెప్పాను. బేకరీ నడిపే తీరా చేతిలోని కత్తి పక్కన పెట్టింది. తీరాకు ఆ ముందు ఏడే భర్త పోయాడు.

"ఎవరి గోడ? నీ గోడా? ఊరికంతటికీ నా గోడ ఒక్కటే అని బోదిల్ నాతో చెప్పింది!"

"పొరబడ్డావు తీరా. నీ గోడకి పొగ కొట్టం నీడ పడుతుంది."

"నీ గోడకి నీ నీడ పడుతుంది, అది చాలదూ? పదింటిదాకా పక్కలో దొర్లేవాడికి గోడల గురించి ఏం తెలుసు!"

మూల బెంచీ మీద అక్సెల్ కాఫీ తాగుతున్నాడు. మోకాళ్ళు అరిగిపోయి పడవ అమ్ముకున్న జాలరి. ఏడాదికి పది మాటలు మాట్లాడేవాడు. ఆ రోజు వాటిలో ఐదు ఖర్చుపెట్టాడు.

"ఇద్దరూ తప్పే. అది నా గోడ."

ముగ్గురం నెల రోజులు సరిగా మాట్లాడుకోలేదు. కానీ ఒకరి గోడ ఒకరు చూడటానికి రోజుకు రెండుసార్లు వెళ్ళేవాళ్ళం.

మా వీధి సంఘానికి కార్యదర్శి పాల్లె డ్యూబ్‌డాల్. పాల్లెకు నిబంధన అంటే ప్రాణం. అందరినీ మీరు అనేవాడు. జెండా కర్ర ఎత్తు, కంచె వెడల్పు, కుక్క అరిచే వేళ, అన్నిటి మీదా కాగితం రాసేవాడు. భార్య మెరెటా పక్కనున్నన్నాళ్ళు ఆ కాగితాల్లో సగం ఆవిడ పొయ్యిలోకే పోయేవి. తర్వాత ఆవిడకు మతిమరుపు ముదిరింది. మొగుణ్ణి పట్టుకుని "మీరెవరు?" అనేదాకా వచ్చింది. మా గోడల తగువు జరిగిన మరుసటి ఏడు మార్చిలో ఆవిణ్ణి అవతలి ఒడ్డున వృద్ధుల ఆశ్రమంలో చేర్చక తప్పలేదు. అక్కణ్ణుంచి పాల్లె ఇంటి తలుపు తెరుచుకోవడం మానేసింది. కాగితాలు మాత్రం తలుపు సందులోంచి ఎడతెగకుండా వచ్చేవి.

మే నెలలో వచ్చిన కాగితం బోదిల్ మీద. సంఘం హాల్లో అందరూ హాజరు కావాలని నోటీసు. పాల్లె కోరింది చిన్న కోరిక కాదు. వీధుల్లో ఉన్న పీపాలన్నీ తీసెయ్యాలి, ఇకమీదట ఆ బండి గేటు దాటకూడదు.

హాలు నిండిపోయింది. బోదిల్ వచ్చీ రాగానే ముందు వరస కుర్చీలు వెనక్కి, వెనకవి ముందుకు సర్ది, అప్పుడు కూడా కూర్చోకుండా నిలబడింది. పాల్లె కళ్ళద్దాలు పెట్టుకుని లేచాడు. చిక్కిపోయాడు. కోటు భుజాల మీద నిలవడం లేదు.

"బోదిల్ గారు నా గోడ పక్కన మూడుసార్లు పీపా వదిలి వెళ్ళారు. మూడుసార్లూ నేను వీధిలోకి నెట్టేశాను. ఆవిడ తలుపు మీద బాది ఏమన్నారు? ఊరికంతటికీ మీ గోడ ఒక్కటే అన్నారు!"

హాల్లో గుసగుస. నేను తీరా వైపు చూశాను. తీరా అక్సెల్ వైపు చూసింది. అక్సెల్ పైకప్పు వైపు చూశాడు.

"నా గోడ ఉత్తరం ముఖంగా ఉంది" అన్నాడు పాల్లె. "ఏడాది పొడుగునా ఎండ తగలదు. నాచు పడుతుంది. దీంతో నాకు అనుమానం వచ్చి, దిక్సూచి పట్టుకుని ఊరంతా తిరిగాను. మొత్తం పదిహేడు పీపాలు. ఎండ సరిగా తగిలే గోడలు నాలుగు. తక్కిన పదమూడూ నీడలో ఉన్నాయి. ఐవిన్ గారిది ఈశాన్యం. తీరా గారికి పొగ కొట్టం అడ్డు. అక్సెల్ గారిదైతే గోడే కాదు, చెక్క దడి!"

"మరి పూశాయిగా?" అన్నాను నేను, రోషంగా.

"పూయవు! ఆవిడ మీరు లేనప్పుడు వచ్చి, తన పెరట్లో ఎండకి పెంచినదాన్ని పెట్టి మీదాన్ని పట్టుకెళ్తారు. రెండుసార్లు నా కిటికీలోంచి చూశాను. రాసి పెట్టుకున్నాను. ఇది మోసం. పన్నెండేళ్ళు మొక్కలు పెంచిన మనిషికి ఎండ ఎటో తెలియదా? ఎండలేని గోడకి మొక్కనెందుకు పెడతారు? సమాధానం కావాలి!"

అందరం బోదిల్ వైపు తిరిగాం. ఆవిడ కిటికీ తెరను ఈ పక్క నుంచి ఆ పక్కకు లాగుతోంది.

"వాటికి... అప్పుడప్పుడు నీడ కూడా మంచిదే" అంది.

ఆ అబద్ధం ఎంత అధ్వానంగా ఉందంటే, ఎవరికీ నవ్వు రాలేదు. అప్పుడు తీరా లేచింది.

"నాకు పీపా వచ్చింది మా ఆయన్ని పాతిపెట్టిన తొమ్మిదో రోజున" అంది మెల్లగా. "అప్పటికి నేను కొట్టు తెరవడం లేదు."

"పడవ అమ్మిన వారానికి" అన్నాడు అక్సెల్.

నేను నా సంగతి చెప్పలేదు. పంట్లాం గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

పాల్లెకు మాత్రం ఇంకా అంతుపట్టలేదు. "తారీకులు నా దగ్గరా ఉన్నాయి" అని కాగితం కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు. "మొదటి ఆక్రమణ, మార్చి పన్నెండు, ఉదయం ఎనిమిది..."

అక్కడ ఆగిపోయాడు. మార్చి పదకొండున మెరెటాను పడవ ఎక్కించడం మేమందరం రేవులో నిలబడి చూశాం. పాల్లె ఆ కాగితాన్ని రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా మడిచాడు. కళ్ళద్దాలు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఆ మూడో పీపా... ఇప్పుడెక్కడుంది?"

"బండిలో" అంది బోదిల్. "బయట."

"ఇక్కడికే తెచ్చారా?"

"దారిలో మీ ఇల్లేగా."

అప్పుడు మొదలైంది నవ్వు. ముందు తీరా, తర్వాత హాలంతా. పాల్లె నవ్వలేదు. వేలు ఎత్తాడు.

"కానీ ఒక్క విషయం. ఉత్తరపు గోడకి అది పూయదు. దొంగతనంగా మార్చడానికి నేను ఒప్పుకోను."

"పూయదు" అని ఒప్పుకుంది బోదిల్. "మీరే రోజూ బండిలో పెట్టుకుని ఎండ ఎక్కడుంటే అక్కడికి తోసుకెళ్ళాలి. పెద్ద చాకిరీ. మీవల్ల కాదేమో."

"కాకపోవడమేమిటి?" అన్నాడు పాల్లె.

అలా తోశాడు ఆ వేసవంతా. పొద్దున్న చర్చి వైపు, మధ్యాహ్నం రేవు వైపు. గంటగంటకూ ఎండ ఎక్కడ పడుతుందో ఒక పట్టిక రాసి బేకరీ తలుపుకు అంటించాడు. మా పదమూడు మందికీ తలా ఒక ప్రతి ఇచ్చాడు. మేమూ తోయడం మొదలెట్టాం. ఒక్క బోదిల్ వల్లే శాంతి కరువైన ఊళ్ళో ఇప్పుడు పధ్నాలుగు బండ్లు తిరుగుతున్నాయి. "అయ్యో, అలా కుదిపితే వేరు కదులుతుందయ్యా!" అని ఆవిడ వీటన్నిటి వెనకా పరుగు.

జులై ఆఖరికి పాల్లె మొక్క నల్లటి ద్రాక్ష రంగులో పూసింది. మర్నాడు దాన్ని బండితో సహా రేవుకు తెచ్చి, పడవ టికెట్ల దగ్గర నిలబడ్డాడు. నేనూ బోదిల్ అటే ఉన్నాం. నేను కావాలని వచ్చాను. ఆవిడ మాత్రం, ఏదో పని మీద దారి తప్పి వచ్చానంది.

"దీనికి సరుకు టికెట్ తీసుకోవాలి" అంది టికెట్లమ్మే అమ్మాయి.

"అక్కర్లేదు. మీ బోర్డు మీద నాలుగో నిబంధన చదవండి. మీటరు లోపు ఎత్తున్న ప్రయాణికులకి టికెట్ లేదు. ఇది తొంభై రెండు సెంటీమీటర్లు. కావాలంటే కొలుచుకోండి."

"అది పిల్లల గురించండీ!"

"పిల్లలని ఎక్కడుంది? ప్రయాణికులు అని ఉంది."

వెనక వరస పెరుగుతోంది. అమ్మాయి మొక్కను చూసింది, పాల్లెను చూసింది, గడియారం చూసింది. "ఎక్కించండి" అంది. బోదిల్ నా చెవిలో, "చూశావా, పొట్టిగా పెంచితే ఎంత లాభమో" అని గుసగుసలాడింది.

సాయంత్రం పడవ వచ్చేదాకా ఆవిడ రేవు ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతూనే ఉంది. అక్కడ చుట్టచుట్టి ఉన్న తాళ్ళన్నిటినీ ఇంకోచోటికి మార్చేసింది. పాల్లె ఖాళీ బండితో దిగాడు.

"పీపా ఏదయ్యా?" అంది బోదిల్ కంగారుగా.

"ఆవిడ కిటికీ పక్కన. దక్షిణం ముఖం. దిక్సూచి పెట్టి చూశాను."

"మెరెటా ఏమంది?"

పాల్లె బండి చేతులు వదల్లేదు. సముద్రం వైపు చూస్తూ చెప్పాడు.

"ఒక పువ్వు తుంచి, తిరగేసి, మొగ్గతో తల పెట్టి బొమ్మ చేసింది. చిన్నప్పుడు ఆడపిల్లలు చేసేవాళ్ళే, అలా. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. 'ఎవరో గానీ మీరు చాలా మంచివారండీ, ఇంత దూరం మోసుకొచ్చారు. అదే మా ఆయనైతే, దీని మీద ఒక ఫిర్యాదు రాసేవాడు' అంది."

"మరి మీరేమన్నారు?" అని అడిగాను.

"రాసేవాడేనండీ, నాకు ఆయన బాగా తెలుసు అన్నాను" అన్నాడు పాల్లె. అని, ఆ ఏడాదిలో మొదటిసారి, పొట్ట పట్టుకుని నవ్వాడు. "దాంతో ఇద్దరం కలిసి గంటసేపు ఆయన్ని తిట్టుకున్నాం."